ఊరికొక ముప్పు పటము

కృష్ణానది విజయవాడయొద్ద ఇంద్రకీలాద్రి పాదములను ఒరసికొని పారి, అక్కడినుండి సముద్రమువరకు గల పల్లపు నేలను సస్యశ్యామలము చేయుచున్నది. 1855లో ఈ నదికి అడ్డముగా ఆనకట్ట పూర్తియయ్యెను. దాదాపు నూరేండ్ల తరువాత అది దెబ్బతినగా, 1957లో దానికి బదులుగా 70 ద్వారములుగల ప్రకాశం బరాజు సిద్ధమయ్యెను. దాని కాలువలక్రింద 12 లక్షల ఎకరములకు పైగా భూమి సాగగుచున్నది. డెల్టా ప్రజల అన్నము, ఆస్తి, పండుగ పబ్బములు అన్నియు ఈ నీటిమీదనే ఆధారపడి యున్నవి.

అయితే నేలను పండించు నీరే ఒక్కొక్కప్పుడు నేలను ముంచును. నది కొనితెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన భూమి గనుక డెల్టా చదునుగా నుండును. చదునుగా నుండుటచేతనే కాలువనీరు ప్రతి చేనికిని అందుచున్నది. ఆ కారణముచేతనే సముద్రము పొంగినపుడు ఉప్పునీరు ఊళ్లకు ఊళ్లను కప్పివేయుచున్నది. ఇట్టి చోట పుట్టి పెరుగు బాలబాలికలకు తమ ఊరికి ఏ దిక్కునుండి ఏ ముప్పు రాగలదో తెలిసియుండుట చదువులో ఒక భాగమే.

ఈ తీరము చూచిన ఉప్పెనలు కొన్ని చరిత్రలో నిలిచిపోయినవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును గొప్ప తుఫాను తాకెను. సముద్రము 13 అడుగుల ఎత్తున పొంగి పట్టణముమీదను, చుట్టుప్రక్కల పల్లెలమీదను పడెను. సుమారు 30,000 మంది మరణించిరి. వర్తకమునకు పేరుగన్న ఆ రేవుపట్టణము ఆ దెబ్బతో మరింత క్షీణించెను.

నూట పదమూడు సంవత్సరములు గడచిన పిమ్మట, 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు, దివిసీమకు ఆ దుర్దశయే పట్టెను. ఆనాటి తుఫాను దివిసీమకు నైరుతిగా, చీరాల ప్రాంతమున తీరము దాటెను. మన అర్ధగోళమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా తిరుగును. కావున తుఫాను తీరము దాటునపుడు దాని కుడివైపున గాలి సముద్రమునుండి భూమిమీదికి వీచి నీటిని నెట్టుకొని వచ్చును. దివిసీమ ఆ కుడివైపున నుండెను. తీరముచెంత సముద్రము లోతు తక్కువ, భూమి చదును. ఇక ఆ నీటిని ఆపగలది ఏది? సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి, పండ్రెండు కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొనివచ్చెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములలోని సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప మున్నగు పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలమంది.

మరి పదమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, ఇంచుమించు అంతటి బలముగల తుఫాను కృష్ణ సముద్రమున కలియు చోటనే తీరము దాటెను. ఇండ్లు కూలినవి, తోటలు నేలమట్టమైనవి, పశువులు చచ్చినవి. అయినను మరణించిన జనుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. గాలి దయదలచి తగ్గినందున ఇట్లు జరుగలేదు. మధ్యకాలమున మనుష్యులు కొన్ని పనులు చేసియుండిరి. తీరము వెంబడి తుఫాను రక్షణ భవనములు కట్టిరి. లోతట్టు గ్రామములకు బాటలు వేసిరి. మచిలీపట్టణమున రాడారు నెలకొల్పిరి. 1983లో ఆకాశమునకు పంపిన ఇన్సాట్ 1బి ఉపగ్రహము మేఘముల కదలికను పైనుండి చూపుచుండెను. ఏయే ఊరిని ముందుగా ఖాళీ చేయవలెనో అధికారులకు తెలిసియుండుటచేత లక్షలాది జనులను గాలి రాకముందే తరలింపగలిగిరి. ఉపద్రవము ఒక్కటే, ముప్పు మాత్రము పదింట ఒకవంతునకు తగ్గెను. ఈ భేదమును గ్రహించినవారికి తక్కిన పాఠమంతయు సులభము.

ఉపద్రవము వేరు, ముప్పు వేరు. తుఫాను, వరద, వడగాడ్పు, కొండచరియ విరిగిపడుట ఇవి ఉపద్రవములు. నడిసంద్రమున ఎంత పెద్ద తుఫాను లేచినను, అక్కడ మనుష్యుడు లేనిచో ముప్పు లేదు. కావున రెండవ విషయము గురి. అనగా ఉపద్రవము వచ్చు త్రోవలో ఎందరున్నారు, ఎన్ని ఇండ్లున్నవి అను లెక్క. ఇక మూడవది బలహీనత. ఒకే వీధిలో, ఒకే నీటిలో, మిద్దె యింటివారు మేడమీదికి ఎక్కి బ్రదుకుదురు. పూరిపాకవారికి ఎక్కుటకు చోటు లేదు. ఈత వచ్చినవాడు బయటపడును; మంచమునుండి లేవలేని ముసలివాడు, నడక రాని పసిపాప బయటపడలేరు. ఈ మూడింటిని కలిపి చూచినపుడే ముప్పు ఎంతటిదో తెలియును. శాస్త్రజ్ఞులు వీనికి అంకెలనిచ్చి హెచ్చించి చూచుటయు కలదు. మూడింటిలో ఏ ఒక్కటి సున్న అయినను ముప్పు సున్నయే గదా! ఇట్లు లెక్కగట్టు పద్ధతికే ముప్పు నమూనా యని పేరు. ఆ లెక్కను ఊరి పటముమీద రంగులతో చూపినచో అది ముప్పు పటమగును.

ఇట్టి లెక్కలలో పిల్లలను ప్రత్యేకముగా ఎంచవలసిన అవసరమేమి? కొలత చేసిచూచిన తెలియును. వీధిలో మూడడుగుల నీరు నిలిచినదనుకొందము. ఎదిగిన మనుష్యునికి అది నడుమువరకు వచ్చును. అతడు తడిసినను నడచిపోగలడు. అయిదేండ్ల బిడ్డ ఎత్తు సుమారు మూడున్నర అడుగులు. అదే నీరు ఆ బిడ్డకు కంఠమువరకు వచ్చును. పెద్దవాని కొలతతో చూచినచో అది ‘నడుములోతు నీరు’. బిడ్డ కొలతతో చూచినచో అది ప్రాణాంతకము. పెద్దల కొలతతో గీసిన పటమునందు ఈ బిడ్డ కనబడడు.

నీటి విషయముననే కాదు, ఎండ విషయమునను ఇంతే. పసివారి దేహపు బరువునుబట్టి చూడగా చర్మపు వైశాల్యము పెద్దలకంటె హెచ్చు. కావున బయటి వేడి వారికి త్వరగా సోకును. వారు త్వరత్వరగా ఊపిరి తీయుదురు. వారి దేహము నీటిని త్వరగా పోగొట్టుకొనును. దాహమగుచున్నదని చెప్పుటకైనను మాటరాని వయస్సు కొందరిది. 1970 నవంబరులో తూర్పు బెంగాలును ముంచిన మహా తుఫాను తరువాత వైద్యులు ఇంటింటికి తిరిగి లెక్కలు తీయగా, పదేండ్లలోపు పిల్లలును, వృద్ధులును, స్త్రీలును తక్కినవారికంటె హెచ్చుగా మరణించినట్లు తేలెను. చేతిలోని బిడ్డను విడువజాలని తల్లి చెట్టును పట్టుకొనజాలదు. ఆ అంకెలకు వెనుకనున్న కథ అది.

ముప్పు లెక్క ఎట్లుండునో ఒక కల్పిత ఉదాహరణముతో చూతము. ఒక ఊరిలో రెండు వీధులున్నవనుకొనుడు. మొదటిది పల్లపువీధి. వరద వచ్చినపుడు అక్కడ నీరు మిక్కిలి లోతుగా నిలుచును. కాని ఇండ్లన్నియు మిద్దెలు, పసిపిల్లలు తక్కువ. రెండవది కాలువగట్టు వీధి. అక్కడ నీరు అంత లోతుగా నిలువదు. కాని ఇండ్లన్నియు తాటాకు పాకలు; తల్లిదండ్రులు పగలెల్ల కూలికి పోవుదురు; ప్రతి యింట ఒకరిద్దరు పసివారు కలరు. ఒకటినుండి మూడువరకు అంకెలు వేయుదము. వరద రెంటికిని ఒక్కటే గనుక ఉపద్రవము 2. పల్లపువీధికి గురి 3, బలహీనత 1, హెచ్చింపగా 6. కాలువగట్టు వీధికి గురి 2, బలహీనత 3, హెచ్చింపగా 12. లోతునుమాత్రమే చూచినవాడు ఊరిలోని ఒక్క పడవను పల్లపువీధికి పంపును. లెక్క చూచినవాడు దానిని మొదట కాలువగట్టు వీధికి పంపును.

ఈ లెక్క ఇంకొక మేలును చేయును. గాలిని ఆపుట మన చేతిలో లేదు. ఊరిని పెల్లగించి వేరొకచోట నాటుట సులభము కాదు. కాని బలహీనతను తగ్గించుట సాధ్యము. కాలువగట్టు వీధిలో అంగన్వాడీ నేలను నాలుగడుగులు ఎత్తుచేసి, మెరకకు పోవు బాటను బాగుచేసి, వరద హెచ్చరిక వచ్చిన వెంటనే పసివారిని ముందుగా తరలించు బాధ్యతను కొందరికి అప్పగించిరనుకొందము. బలహీనత 3 నుండి 1కి దిగును. ముప్పు 12 నుండి 4కు తగ్గును. ఎక్కడ కొద్ది వ్యయముతో ఎక్కువ ప్రాణములు నిలుచునో నమూనా చూపును. దాని ప్రయోజనమదియే.

విజయవాడ నగరము 2024లో పొందిన అనుభవమును ఈ దృష్టితో పరిశీలింపవలెను. బుడమేరు మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, వెలగలేరుమీదుగా వచ్చి, నగరపు ఉత్తర భాగమున పారి కొల్లేటిలో కలియు చిన్న యేరు. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. వేసవిలో చూచినవారు దీనిని మురుగుకాలువ యనుకొందురు. వానకాలమున దీని స్వభావము వేరు. దీనికి విజయవాడ దుఃఖదాయని యను పేరు ఊరక రాలేదు. వరదనీటిని కొంత కృష్ణలోనికి మళ్లించుటకై వెలగలేరుకడ రెగ్యులేటరును, అక్కడినుండి బరాజునకు ఎగువగా కృష్ణలో కలియు మళ్లింపు కాలువయు నిర్మింపబడినవి. కాలక్రమమున నగరము పెరిగెను. ఏటి ప్రవాహమార్గము ఇండ్లతో ఇరుకయ్యెను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కుండపోతగా వానలు కురిసెను. మొదటిదినమున మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లమీద పడి కొందరు ప్రాణములు కోల్పోయిరి. బుడమేరు పొంగి, మళ్లింపు కాలువ ఎడమకట్టకు మూడుచోట్ల గండ్లు పడినవి. అదే సమయమున ప్రకాశం బరాజువద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహముతో నిండుగా పారుచుండెను. నిండిన నదిలోనికి ఏటినీరు సులభముగా పోజాలదు గదా! ఆ నీరంతయు నగరముమీదికి మరలెను. అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము మొదలగు వాడలలో లక్షలాది జనులు నీటినడుమ చిక్కుకొనిరి. లోతట్టు ఇండ్లలో నీరు మనిషి ఎత్తును దాటెను. పడవలు పోజాలని సందులకు డ్రోనులతో ఆహారపు పొట్లములు పంపిరి. సైన్యము సాయపడగా సెప్టెంబరు 7 నాటికి మూడవ గండియు పూడ్చబడెను. నీరు తీసిన తరువాత ఇండ్లలో నిండిన బురదను అగ్నిమాపక వాహనముల నీటితో కడుగవలసి వచ్చెను.

ఇందులో మూడు ఉపద్రవములు ఒక్కసారిగా కూడుకొనినవి. కొండమీద వాన, ఏటిలో వరద, నదిలో వరద. ఒక్కొక్కటి విడిగా వచ్చినచో తట్టుకొనగలిగిన ఊరు, మూడును కలిసి వచ్చినపుడు తట్టుకొనలేకపోయెను. కావున మంచి నమూనా ఒక్కొక్క ముప్పును విడివిడిగా చూచి ఊరకుండదు. రెండు మూడు కలిసివచ్చినచో ఏమగునో కూడ ఊహించును.

అట్టి దినములలో పసివారున్న ఇంటి అవసరములు తక్కిన ఇండ్ల అవసరములవంటివి కావు. పెద్దలు ఒక పూట పులిహోర పొట్లముతో గడుపుకొందురు. ఆరు నెలల బిడ్డకు అది పనికిరాదు. పాలు కావలెను, పాలు కలుపుటకు కాచిన నీరు కావలెను, నీరు కాచుటకు పొయ్యి కావలెను. వరదనీరు తాగునీటిలో కలిసినచో మొదట విరేచనములు పట్టుకొనునది పసివారికే. నీరు తీసిన తరువాత దోమలు పెరుగును, జ్వరములు వచ్చును. పాఠశాలయే సహాయ శిబిరమైనచో చదువు ఆగును. పుస్తకములు తడిసి ముద్దయగును. ఆ యేడు బడి మానిన పిల్లవాడు మరల రాకపోవుటయు కలదు. ఇవన్నియు ముప్పు లెక్కలో చేరవలసినవే. ప్రాణము పోవుట ఒక్కటే నష్టమని తలచిన లెక్క సరియైనది కాదు.

ఎండకును నమూనా కావలెను. 2015 మే మాసమున వడగాడ్పులచే ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. వడగాడ్పు అని ఎప్పుడు చెప్పవలెను? భారత వాతావరణశాఖ నియమము ప్రకారము మైదాన ప్రాంతమున ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు, తీరప్రాంతమున 37 డిగ్రీలకు చేరి, అది ఆ కాలపు సగటుకంటె 4.5 డిగ్రీలైనను హెచ్చుగా నున్నపుడు దానిని వడగాడ్పుగా ఎంచుదురు. తీరమునకు తక్కువ అంకె ఏల? సముద్రపు గాలిలో తేమ హెచ్చు. తేమగల గాలిలో చెమట ఆరదు. చెమట ఆరనిచో దేహము చల్లబడదు. కావున విజయవాడకు సరిపోయిన అంకె మచిలీపట్టణమునకు సరిపోదు. కొంతదూరము పోయిన మాత్రమున ముప్పు మారిపోవుచుండగా, దేశమంతటికిని ఒకే కొలత ఎట్లు చాలును?

అహమ్మదాబాదు నగరము ఈ సత్యమును ముందుగా గ్రహించెను. 2010 మే మాసపు ఎండలలో ఆ నగరమున సాధారణముగా జరుగు మరణములకంటె 1,344 మరణములు ఎక్కువగా జరిగినట్లు పరిశోధకులు తేల్చిరి. పిమ్మట ఆ ఊరి ఉష్ణోగ్రతలను, ఆ ఊరి మరణముల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, ఏ డిగ్రీయొద్ద అక్కడి జనులకు అపాయము మొదలగునో కనుగొనిరి. 2013లో దానినిబట్టి ఒక కార్యప్రణాళిక సిద్ధమయ్యెను. దక్షిణాసియా నగరములలో అట్టి ప్రణాళిక అదియే మొదటిది. మన పాఠశాలలలో ఎండకాలమున పెట్టు ఒంటిపూట బడులును ఇట్టి జాగ్రత్తయే. అయితే రేకుల కప్పుగల తరగతి గదికిని, చెట్లనీడగల పెంకుటి గదికిని గల తేడాను కూడ లెక్కించినపుడు ఆ జాగ్రత్త ఇంకను ఫలించును.

పత్రికలలో పెద్ద అక్షరములతో అచ్చుకాని ముప్పులు మరికొన్ని కలవు. డెల్టాలో ప్రతి ఊరి ప్రక్కను కాలువ కలదు. ఇంటి వెనుక చెరువు కలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీటమునిగి మరణించిరి. వారిలో దాదాపు నాలుగవ వంతు అయిదేండ్లలోపు పిల్లలు. తుఫాను ఏండ్లకొకసారి వచ్చును. కాలువరేవు ప్రతిదినము ఇంటిముందే యుండును. మెట్లు పాచిపట్టిన రేవు, కంచెలేని చెరువు, పిట్టగోడలేని వంతెన, ఇవి కూడ ఊరి పటములో ఎఱ్ఱరంగు పూయదగిన చోట్లు.

ఐక్యరాజ్యసమితి బాలల నిధి యగు యూనిసెఫ్ 2021 ఆగస్టులో 163 దేశములను పరిశీలించి, వాతావరణ మార్పువలన పిల్లలకు గల ముప్పును తెలుపు సూచికను ప్రకటించెను. అందు మన దేశము 26వ స్థానమున నుండెను. ఉపద్రవములకు పిల్లలు ఎంత గురియగుచున్నారు, ఆరోగ్యము, చదువు, తాగునీరు మున్నగు వసతులలేమిచే ఎంత బలహీనులైయున్నారు అను రెండు విషయములను కలిపి ఆ లెక్క కట్టిరి. దేశములకు దేశములను పోల్చుటకు అట్టి సూచిక పనికివచ్చును. కాని నాగాయలంక పిల్లవానికి తన దేశము 26వదని తెలిసినంతమాత్రమున ఏమి ప్రయోజనము? ఓడరేవులో ఎగురవేయు ప్రమాద సూచికయు అట్టిదే. అది ఓడలవారికి ఉద్దేశింపబడినది. ఏ గుడిసెవారు ఏ బాటన పోయి ఏ మెరకను చేరవలెనో అది చెప్పజాలదు. పైనుండి వచ్చిన లెక్క ఊరి గడపలోనికి దిగవలెను. ఆ పని ఊరివారే చేయవలెను.

అది ఎట్లు చేయుదురు? మొదట ఊరి పటమును పెద్దదిగా గీయుదురు. మెరకలు, పల్లములు, కాలువలు, మురుగుకాలువలు, కరకట్టలు, వంతెనలు గుర్తింతురు. తరువాత వృద్ధులను అడిగి 1977లో, 1990లో, ఇటీవలి వరదలలో నీరు ఎంతవరకు వచ్చెనో గోడలమీదను స్తంభములమీదను గుర్తులు చూతురు. పిదప అయిదేండ్లలోపు పిల్లలు, గర్భిణులు, వికలాంగులు, వృద్ధులు ఉన్న ఇండ్లను అంగన్వాడీ లెక్కలతో సరిచూచి గుర్తింతురు. బడి అరుగు ఎత్తెంత, తాగునీటి చేతిపంపు వరదలో మునుగునా, రాత్రివేళ దీపము లేకున్నను బాట కనబడునా అని పరీక్షింతురు. రక్షణ భవనమునకు పెద్దవాడు పది నిమిషములలో పోయినచో, చెల్లెలి చేయి పట్టుకొనిన పిల్లవానికి ఎంతసేపు పట్టునో నడచి చూతురు. ఈ చివరి కొలత ఏ ఉపగ్రహమునకును అందదు. ఏటేట వానలకు ముందు ఆ పటమును తిరిగి సరిచూడవలెను. ఏలయనగా ఊరు మారును, కాలువ పూడును, పాపలు పుట్టుదురు.

పటము ఎంత మంచిదైనను దానియందు గ్రుడ్డినమ్మకము తగదు. జపానుదేశమున కమైషి యను తీరపట్టణము కలదు. అక్కడి బడులలో కటాడ తొషిటక యను ఆచార్యుడు చాలకాలము పిల్లలకు సునామీలగూర్చి బోధించెను. పటములో చూపిన హద్దునే నమ్మవద్దని, ఆ క్షణమున చేతనైనంత ఎత్తునకు పొమ్మని, ఇతరులకొరకు వేచియుండక ముందు తామే కదలుమని ఆయన నేర్పెను. 2011 మార్చి 11న గొప్ప భూకంపము వచ్చెను. ఉనొసుమై ప్రాంతమునందలి ప్రాథమిక పాఠశాలయు, దాని ప్రక్కనున్న మాధ్యమిక పాఠశాలయు ప్రభుత్వ పటము ప్రకారము నీరు రాని చోటనే యుండెను. అయినను మాధ్యమిక పాఠశాల పిల్లలు పరుగిడిరి. వారిని చూచి చిన్నపిల్లలును బయలుదేరిరి. పెద్దవారు చిన్నవారి చేతులు పట్టుకొనిరి. మొదట చేరిన చోట కొండచరియ జారుచున్నదని గమనించి ఇంకను పైకి పోయిరి. కొంతసేపటికే సముద్రము ఆ రెండు పాఠశాలలను ముంచెను. నాడు కమైషి పట్టణమున ఇంచుమించు మూడువేలమంది బడిపిల్లలలో దాదాపు అందరును బ్రదికిరి.

ఆ పిల్లలు పటమును నిరాకరింపలేదు. పటమును చదువ నేర్చిరి. ముప్పు ఎట్లు పుట్టునో తెలిసినవారు గనుక, పటము తప్పినపుడు తామే నిర్ణయము చేయగలిగిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వ్యర్థమని మన పెద్దలు సామెత చెప్పిరి. ఆకు ఎక్కడ నున్నదో ముందుగా తెలిసికొనుటయే ముప్పు నమూనా.

1977నాటి దివిసీమ బిడ్డలకు అట్టి పటము లేదు. నేటి బిడ్డలకు ఉపగ్రహములు కలవు, రాడార్లు కలవు, ఆపత్కాలమున పిలుచుటకు 112 కలదు, బాలల సహాయమునకు 1098 కలదు. ఇన్ని యున్నను, పల్లపు వీధిలోని పాకలో నిద్రించు పాప పేరు, ఆ పాపను ఎత్తుకొని పోవలసినవారి పేరు, పోవలసిన బాట, ఈ మూడును ఊరిలో వ్రాసి యుంచుకొనక తప్పదు. అవి తెలిసినవారు ఆ ఊరివారే. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలు కొలబద్దతో, కాగితముతో ఆ పనికి పూనుకొనిన ఊరు రాబోవు గాలివానకు కొంతయైనను సిద్ధమైన ఊరగును.

అభ్యాసము

1. ఉపద్రవమునకును ముప్పునకును భేదమేమి? 1977, 1990 తుఫానులను పోల్చి వివరింపుడు.
2. 1977 ఉప్పెన దివిసీమను అంతగా బాధించుటకు కారణములెవ్వి?
3. కాలువగట్టు వీధిలో నీరు తక్కువలోతుగా నున్నను పడవ మొదట అక్కడికే పోవలెననుటకు హేతువేమి?
4. తీరప్రాంతమునకు వడగాడ్పు కొలత తక్కువగా నుండనేల?
5. కమైషి బాలురు పటమును ఎంతవరకు నమ్మిరి? వారి నడవడినుండి మనము నేర్వదగినది ఏమి?
6. మీ వీధి పటము గీసి, అయిదేండ్లలోపు పిల్లలున్న ఇండ్లను, మెరకను, అక్కడికి పోవు బాటను గుర్తింపుడు. ఆ బాటన ఒక చిన్నపిల్లవానితో నడచి, పట్టిన కాలమును వ్రాయుడు.